డిక్రీ వెనకాల

సాయంత్రం ఇంటికి రాగానే నాన్న అడిగే మాట ఒకటుంది. "ఏమైందమ్మా ఇయ్యాల?" కోర్టుకు వెళ్లే రోజుల్లో దీనికి జవాబు నాలుక చివరే ఉండేది. వాయిదా పడింది నాన్నా. క్రాస్ అయిపోయింది. ఆర్డర్స్‌కి పెట్టారు. అవతలివాళ్లు కౌంటర్ వేయలేదు, ఖర్చులు కట్టమని టైమిచ్చారు. అసలేమీ జరగని రోజున కూడా "జడ్జిగారు సెలవు" అని ఒక మాట దొరికేది. ఇప్పుడు అదే ప్రశ్నకి "ఏం లేదు, మామూలే" అంటున్నాను. ఆయన తలూపి మళ్లీ పేపర్లోకి వెళ్లిపోతారు. ఇంత చిన్న సంగతి నన్నెందుకు ఇలా తొలుస్తోందో తెలియదు. రోజంతా ఊరికే కూర్చోలేదు కదా. పొద్దున్నుంచి నాలుగు అగ్రిమెంట్లు చదివాను, ఒక నోటీసుకి జవాబు రాశాను, బ్రాంచి మేనేజర్లతో ఫోన్లో గొంతు పోగొట్టుకున్నాను. అయినా చెప్పుకోడానికి ఏదీ "కాలేదు". ఏదీ కాకుండా చూడటమే పనైనప్పుడు, ఏమైందని అడిగేవాళ్లకి ఏం చెప్పాలి? వకీలైన కూతురి గురించి నలుగురికీ చెప్పుకునే ఆయన, కంపెనీలో ఉద్యోగం చేసే కూతురి గురించి ఏం చెప్పుకుంటారు?

నేను పని నేర్చుకున్నది చైతన్యపురిలో. కింద టిఫిన్ సెంటరు, పైన అమ్మాయిల హాస్టలు, మధ్య అంతస్తులో మా సీనియర్ గారి ఆఫీసు. పొద్దున ఉల్లిదోశ వాసన, సాయంత్రం పై అంతస్తు నుంచి గ్రూప్స్ పాఠాలు వల్లెవేసే గొంతులు, ఈ రెండింటి మధ్య మేం ప్లెయింట్లు రాసుకునేవాళ్లం. పది కాగానే కేసు కాగితాల బండిళ్లు సర్దుకుని ఎల్.బి.నగర్‌లోని జిల్లా కోర్టులకు బయల్దేరడం, పదిన్నరకి కాల్ వర్క్, బెంచి క్లర్కు నంబరు పిలవగానే గుంపులోంచి చెయ్యెత్తుకుంటూ ముందుకెళ్లడం, "పాస్ ఓవర్" అడిగి పక్క కోర్టుకు పరుగెత్తడం. రోజూ చంకలో పెట్టుకు తిరిగిన ప్రతి బండిలు మీదా రంగారెడ్డి జిల్లా అని ఉండేది. 1978లో ఏర్పడిన ఆ జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆ కొండా వెంకట రంగారెడ్డి గారు కూడా వకీలే. నిజాం కాలంలో ప్రాక్టీసు చేసి, తర్వాతి రోజుల్లో ఉపముఖ్యమంత్రి అయిన మనిషి. ఒక వకీలు పేరున్న జిల్లాలో వకీలుగా తిరుగుతున్నానన్న ఊహ మొదట్లో నాకు కొంచెం గర్వంగానే ఉండేది. మే నెల ఎండలో, వరండాలో ఫ్యాను తిరగని మూల నిలబడి ఉన్నప్పుడు ఆ గర్వం కరిగిపోయేదనుకోండి, అది వేరే సంగతి.

మా ఆఫీసుకు పెద్ద క్లయింటు ఒక చిట్‌ఫండ్ కంపెనీ. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్‌రోడ్డు మీద నడిచినవాళ్లకి ఈ వ్యాపారం గురించి చెప్పక్కర్లేదు. యాభై మంది నెలకు 10,000 చొప్పున కడితే 5 లక్షల చిట్టీ. కూతురి పెళ్లికో, తుర్కయాంజాల్ అవతల ప్లాటుకో డబ్బు అవసరమైనవాడు పాట పాడి, కొంత తక్కువకైనా ముందే ఎత్తుకుంటాడు. మిగిలిన నెలలు కడతాడన్న నమ్మకానికి ష్యూరిటీలు కావాలి. ష్యూరిటీ అంటే మా దగ్గర దాదాపుగా ప్రభుత్వ టీచరే. జీతం ఠంచనుగా పడుతుంది, మనిషి ఊరొదిలి పారిపోడు, స్టాఫ్‌రూంలో పక్క కుర్చీవాడు అడిగితే కాదనలేడు. నాన్న పనిచేసిన బడిలో ఒకరికొకరు సంతకాలు పెట్టుకోని టీచరే లేడట. ఎత్తుకున్నవాడు కట్టడం మానేస్తే 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం 64వ సెక్షన్ కింద తగాదా చిట్స్ రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్తుంది. అక్కడ అవార్డు అయ్యాక అమలు కోసం సివిల్ కోర్టుకు, అంటే మా చేతికి, ఈ.పీ.గా, అంటే ఎగ్జిక్యూషన్ పిటిషన్‌గా వస్తుంది. ఎత్తుకున్నవాడి పేరు మొదట ఉంటుంది కానీ అతని దగ్గర ఏమీ ఉండదు. జీతం ఉన్నది ష్యూరిటీకి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ లెక్క నాకు నిద్రలో అడిగినా వచ్చేది: మొదటి వెయ్యి వదిలేయాలి, మిగిలిన దాంట్లో మూడింట రెండొంతులు వదిలేయాలి, ఆ మిగిలింది పట్టుకోవచ్చు. 61,000 జీతమైతే నెలకు 20,000. అలా 24 నెలలు పట్టాక అదే డిక్రీ కింద ఇక పట్టకూడదు. హెడ్మాస్టరు గార్నిషీ, అంటే జీతంలోంచి ఆ డబ్బు పట్టి కోర్టుకు పంపాల్సినవాడు అవుతాడు. స్టాఫ్‌రూం మొత్తానికీ తెలుస్తుంది.

వరండాలో నన్ను ఆపి అడిగిన ష్యూరిటీలు ఎందరో ఉన్నారు. అందరి చేతిలోనూ ఒకే రకం ప్లాస్టిక్ కవరు, అందులో మడతలు పడ్డ సమన్లు. "మేడమ్, పైసలు దీసుకున్నోడు మంచిగనే తిరుగుతుండు, నన్నెందుకు పట్టుకుంటున్నరు?" నేను అవతలి పక్షం వకీలుని, వాళ్లకి సలహా ఇవ్వకూడదు. మీ లాయరుని అడగండని చెప్పి పక్కకు తప్పుకునేదాన్ని. కొందరు వకీలుని పెట్టుకుని గట్టిగానే వాదించేవారు. అగ్రిమెంటు ఇంగ్లిష్‌లో ఉంది, చదివి వినిపించలేదు, సాక్షి సంతకమని చెప్పి పెట్టించుకున్నారు అని. దానికి మా జవాబు ఒక్క ముక్కలో ఉండేది, చట్టం దృష్టిలో సరైన జవాబే: అమలు చేసే కోర్టు మామూలుగా డిక్రీ వెనక్కి వెళ్లి చూడకూడదు. డిక్రీ ఎలా వచ్చింది, ఆ అప్పు ఎలా పుట్టింది, సంతకం ఎలా పడిందన్న తవ్వకాలన్నీ ఈ.పీ.లో చెల్లవు. ఎన్నిసార్లు ఈ మాట చెప్పానో. ప్రతిసారీ జడ్జిగారు తలూపేవారు, ప్లాస్టిక్ కవరు పట్టుకున్న మనిషి మాత్రం నా వైపు అర్థంకానట్టు చూసేవాడు.

అదే కంపెనీలో లీగల్ మేనేజర్ పోస్టు ఖాళీ అయింది, వస్తారా అని కబురు వచ్చింది. గొప్ప మథనమేమీ జరగలేదు. ఇంటి అప్పుకి నెలనెలా ఈ.ఎం.ఐ. ఉంది, ఫీజులు మాత్రం ఆర్నెల్లకోసారి వస్తున్నాయి. కావాల్సినంత కారణం అక్కడే ఉంది. టంగుటూరి ప్రకాశం గారు 1921లో బంగారంలాంటి ప్రాక్టీసు వదిలేసింది స్వరాజ్యం కోసం. నేను వదిలింది బ్యాంకు వాయిదాల కోసం. రెండింటినీ ఒక వాక్యంలో పెట్టడానికి నాకే నవ్వొస్తోంది. బార్ అసోసియేషన్ క్యాంటీన్‌లో మాటలు పడ్డాను, అవీ ప్రేమగా అన్నవే. "ఇన్నేండ్లు జీతాలు అటాచ్ చేసి చేసి, ఆఖరికి నువ్వే జీతానికి అటాచ్ అయితివా?" అన్నాడొక మిత్రుడు. బార్ కౌన్సిల్ నియమాల్లో 49వది సూటిగా చెబుతుంది: ప్రాక్టీసులో ఉన్న అడ్వకేటు పూర్తికాలపు జీతగాడిగా ఉండకూడదు, చేరితే ఆ సంగతి కౌన్సిల్‌కు తెలియజేసి ప్రాక్టీసు మానుకోవాలి. అలా సనదు సస్పెండ్ చేయించుకున్నాను. ఆ కాగితం ఇచ్చినప్పుడు పెద్దగా ఏమీ అనిపించలేదు. స్కూటీ ముందున్న తెల్ల బ్యాండ్ల స్టిక్కరు గోటితో గీకుతున్నప్పుడు మాత్రం చేయి ఆగింది. సగం ఊడి జిగురు మిగిలిపోయింది. దాని మీద ఇప్పుడు దుమ్ము అంటుకుని, దూరం నుంచి చూస్తే ఇంకా బ్యాండ్లలాగే కనపడుతుంది.

పోయిందేమిటో చెప్పుకోకపోతే ఇది అబద్ధం అవుతుంది. క్రాస్ ఎగ్జామినేషన్లో సాక్షి ఒక్క క్షణం ఆగిన చోట ప్రశ్నను తిప్పి అడిగే అవకాశం పోయింది. అవతలి వకీలుతో కోర్టు హాల్లో కత్తులు దూసుకుని, బయటికొచ్చి ఇద్దరం ఒకే చాయ్ రెండు గ్లాసుల్లో పోయించుకునే చనువు పోయింది. ఓడినా గెలిచినా ఆరోజుకి ఒక ముగింపు ఉండేది, అది పోయింది. కంపెనీలో దేనికీ ముగింపు లేదు. ఒక మెయిల్ వెనక ఇంకో మెయిల్. గురువారం సాయిబాబా గుడి దగ్గర ట్రాఫిక్ ఆగినప్పుడు మూడో అంతస్తు కిటికీలోంచి చూస్తే, కోర్టు నుంచి తిరిగొచ్చే జూనియర్లు కోటు తీసి ముంజేతి మీద వేసుకుని, చెమటతో నవ్వుకుంటూ నడిచిపోతుంటారు. ఏసీ గదిలో కూర్చున్న నాకు వాళ్లమీద అసూయా? మళ్లీ ఆ ఎండలోకి వెళ్లమంటే వెళ్తానా? నిజం చెప్పాలంటే, వెళ్లను. అసూయ మాత్రం తగ్గదు. ఈ రెండూ ఒక మనిషిలో ఎలా ఇముడుతున్నాయో నాకింకా తెలియలేదు.

వీటన్నిటికన్నా లోతుగా గుచ్చుకున్నది చట్టం నా గురించి అనుకునే మాట. జీతం పుచ్చుకునే వకీలు స్వతంత్రుడు కాడని కొన్ని కోర్టులు నమ్ముతాయి. హిమాచల్ ప్రదేశ్ విద్యుత్ బోర్డులో లా ఆఫీసరుగా ఉన్న సతీష్ కుమార్ శర్మ తన ఎన్‌రోల్‌మెంట్ నిలుపుకోవడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2001లో ఆయన ఓడిపోయారు. యూరప్‌లో ఆక్జో నోబెల్ అనే రంగుల, రసాయనాల కంపెనీ తన సొంత వకీలుతో జరిపిన ఉత్తరాలు రహస్యమని వాదించింది. 2010లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఒప్పుకోలేదు. యజమాని మీద ఆధారపడినవాడు బయటి వకీలంత స్వేచ్ఛగా సలహా ఇవ్వలేడంది. మన దగ్గర 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు, సలహా ఇచ్చిన వకీళ్లకి దర్యాప్తు సంస్థలు సమన్లు పంపడం తగదని చెప్పిన తీర్పులోనే ఈ గీత కూడా గీసింది. భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షన్ కింద క్లయింటు చెప్పింది కడుపులో దాచుకునే రక్షణ కోర్టులో ప్రాక్టీసు చేసే అడ్వకేటుకే గానీ, కంపెనీ జీతం తీసుకునే న్యాయ సలహాదారుకు లేదని. తీర్పు చదివిన రాత్రి నాకు కోపం రాలేదు, సిగ్గులాంటిదేదో కలిగింది. అదే బుర్ర, అదే చదువు. మొన్నటి దాకా నాకు చెప్పింది రహస్యం, ఇవాళ నాకు చెప్పింది ఉత్త ఆఫీసు కాగితమా?

సిగ్గు తగ్గాక ఒక మొండి అనుమానం మొదలైంది. అంతకుముందు నేను నిజంగా స్వతంత్రురాలినేనా? వకీలు స్వాతంత్ర్యమంతా ఒక్క పనిలో ఉందని మా సీనియర్ అనేవారు. నచ్చకపోతే బండిలు తిరిగి ఇచ్చేయగలగడం. సరైన కారణం ఉండాలి, క్లయింటుకి ముందే చెప్పాలి, కానీ ఇచ్చేయొచ్చు. ఎంత మంచి మాట! కాకపోతే ఆ ఆఫీసు అద్దెలో సగం ఆ ఒక్క క్లయింటు బండిళ్ల మీదే నడిచేది. ప్యానెల్ లోంచి పేరు తీసేస్తారేమోనన్న బెంగ ప్రతి ఏప్రిల్‌లోనూ ఉండేది. వాళ్ల రీజనల్ మేనేజరు వస్తే కింద టిఫిన్ సెంటరు నుంచి ప్రత్యేకంగా కాఫీ తెప్పించేవాళ్లం. బ్యాంకు ప్యానెల్లో ఉన్నవాళ్లనీ, ఇన్సూరెన్సు ప్యానెల్లో ఉన్నవాళ్లనీ అడిగి చూడండి, బండిలు తిరిగిచ్చిన రోజులెన్నో. జీతం చెక్కు రూపంలో నెలకోసారి వస్తే పరాధీనత, ఫీజు రూపంలో ఆర్నెల్లకోసారి వస్తే స్వాతంత్ర్యం అంటే నాకు పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాలేదు. అలాగని కోర్టులన్నది తప్పనీ అనలేను. నా ఇంక్రిమెంటు ఎవరి సంతకంతో వస్తుందో నాకు తెలుసు. మీటింగులో నోరు తెరవబోయేముందు ఆ మనిషి ముఖం వైపు కళ్లు వెళ్తాయన్నదీ నిజమే.

ఈ అనుమానం ఎటూ తేలకుండా ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఫైలు తెచ్చుకోడానికి బ్రాంచికి వెళ్లాను. ష్యూరిటీ సంతకానికి ఒక టీచరు వచ్చి ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి, చొక్కా జేబులో ఎర్ర, నీలం రెండు పెన్నులు. పక్కన చిట్టీ ఎత్తుకుంటున్న సహోద్యోగి. ఎగ్జిక్యూటివ్ కుర్రాడు కాగితాలు తిప్పుతూ వేలితో చోటు చూపిస్తుంటే ఈయన చకచకా సంతకం చేసుకుపోతున్నాడు. వేలు ఎంత వేగంగా కదులుతోందో పెన్ను అంత వేగంగా కదులుతోంది. నాలుగో పేజీ దగ్గర నేను అడిగాను, "సార్, ఇదేంటో చెప్పారా మీకు?" "ష్యూరిటీ గద మేడమ్," అన్నాడు నవ్వుతూ. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ఏమంటుందో మామూలు మాటల్లో చెప్పాను. అసలు బాకీదారుకి ఎంత బాధ్యతో మీకూ అంతే, ముందు ఆయన్నే అడగాలన్న నియమం లేదు, నేరుగా మీ దగ్గరికే రావొచ్చు. పెన్ను ఆగింది. "అంటే ఆయన కట్టకపోతే నా జీతంలకెళ్లి పట్టుకుంటరా?" పట్టుకుంటారు. ఎంతో కూడా చెప్పాను, లెక్క నోటికి వచ్చిందే కదా. ఆయన పక్కాయన వైపు చూడకుండా పెన్ను మూత పెట్టి, జేబులో ఎర్ర పెన్ను పక్కన సర్దుకుని, ఇంట్లో ఒకసారి అడిగొస్తానని లేచాడు.

బ్రాంచి మేనేజరు తలుపు దగ్గరే పట్టుకున్నాడు. "మేడమ్, మీరిట్ల జెప్తే ఎవలు సంతకం పెడ్తరు? నా టార్గెట్ ఎవలు జేస్తరు?" అతని కోపం అబద్ధం కాదు. నెల చివర అతన్ని అడిగేది పడిన చిట్టీల లెక్కే గానీ పడని కేసుల లెక్క కాదు. నా దగ్గరా అతనికి చూపించడానికి అంకె లేదు. ఈ టీచరు సంతకం పెట్టనందువల్ల మూడేళ్ల తర్వాత ఎల్.బి.నగర్‌లో రాకుండా పోయిన ఈ.పీ.కి నంబరేది? ఆ రాత్రి నాకు తట్టిన సంగతి మాత్రం ఇది. ఏ చోటికైతే కోర్టు వెళ్లకూడదని నేను నల్లకోటు వేసుకుని అన్నేళ్లు వాదించానో, అదే చోట ఇప్పుడు నా కుర్చీ వేశారు. డిక్రీ వెనకాల. అప్పు పుట్టే దగ్గర, సంతకం పడే దగ్గర, వేలు చూపించిన చోటికి పెన్ను కదిలే దగ్గర. జడ్జిగారు ఎంత మంచివారైనా అక్కడికి రాలేరు. ఎంత గొప్ప సీనియరైనా అక్కడ ఒక్క ప్రశ్న వేయలేడు. వాళ్లందరి దగ్గరికీ కాగితం ఆరిపోయిన సిరాతో వెళ్తుంది. నా దగ్గరికి తడిగా ఉండగా వస్తోంది.

దీన్నేదో విజయంగా చెప్పడం లేదు. ఆ టీచరు వారం తర్వాత వచ్చి సంతకం పెట్టాడు. స్నేహం చట్టం కన్నా బరువైనది, ఆ మాట నేనెవర్ని కాదనడానికి? కాకపోతే ఈసారి చదివి పెట్టాడు, ఇంట్లో చెప్పి పెట్టాడు. ష్యూరిటీ బాధ్యత గురించి తెలుగులో ఒక పేజీ తయారుచేసి, అది చదివి వినిపించాకే అసలు అగ్రిమెంటు తీయాలని నోటు పెట్టాను. పై ఆఫీసులో అది చాలాకాలం నలిగింది. కొంత కోసేశారు. "జీతంలో సుమారు మూడో వంతు" అన్న అంకె ఉన్న వాక్యాన్ని భయపెట్టేలా ఉందని తీయించబోతే, అదొక్కటీ ఉండాల్సిందేనని పట్టుపట్టాను. దక్కింది. అన్నిసార్లూ దక్కదు. నా నోటు పక్కన "చూశాను" అని రాసి, చేయదలుచుకున్నదే చేసిన సందర్భాలు ఉన్నాయి. అప్పుడు బండిలు తిరిగి ఇచ్చేసే వీలు నాకు లేదు. మర్నాడు అదే గదిలో అదే మనుషులకి నమస్కారం పెట్టాలి.

సుప్రీంకోర్టు గీసిన గీత విచిత్రంగా ఇక్కడే నాకు పనికొస్తోంది. నేను యజమానికి రాసిన మాటకు రహస్యపు దుప్పటి లేదు. బయటి వకీలుకి కంపెనీ తరఫున రాసిన దానికి సాక్ష్య అధినియం 134వ సెక్షన్ కింద కొంత నీడ ఉందిగానీ, లోపల మేం మేం రాసుకున్నదానికి లేదు. రేపు ఎవరైనా అధికారి తెరిచి చదవొచ్చు. మొదట ఇది అవమానంగా తోచింది గానీ, నోటు రాసేటప్పుడు ఇప్పుడు నా భుజం మీంచి మూడో మనిషి చదువుతున్నట్టే ఉంటుంది. అందుకే "చూద్దాం", "పరిశీలించవచ్చు" లాంటి గోడమీది మాటలు తగ్గాయి. వద్దు అనుకుంటే వద్దు అని రాస్తున్నాను, ఎందుకో కూడా రాస్తున్నాను. నా ముఖం చూసి తమాయించుకోని పైఅధికారి కూడా, ఆ కాగితం ఇంకెవరి ముఖమైనా చూడొచ్చని తెలిసి ఒక్క క్షణం ఆగుతాడు. జీతగాడు స్వతంత్రుడు కాడన్న కోర్టుల మాట నిజమే కావచ్చు. అయితే స్వాతంత్ర్యం అనేది వచ్చే డబ్బు దారిలో మాత్రమే ఉంటుందా, లేక నోరు విప్పే సమయంలో కూడా ఉంటుందా? డిక్రీ అయ్యాక కోర్టు హాల్లో ఎలుగెత్తి వాదించిన నా పాత గొంతు కన్నా, సంతకానికి ముందు నసుగుతూనైనా అడ్డుపడిన ఈ గొంతు వల్లే ఎక్కువ పని జరిగిందని నాకు అనిపిస్తోంది. అనిపించడమే, రుజువు లేదు. ఈ కేసులో సాక్షి నేనే, వకీలూ నేనే కాబట్టి ఎవరైనా క్రాస్ చేస్తే నిలబడకపోవచ్చు.

ఇప్పుడు కోర్టులో ఉన్న జూనియర్లు ఫోన్ చేస్తుంటారు. అక్కా, ఫలానా కంపెనీలో పోస్టు ఉంది, పోవచ్చా అని. జీతమెంత, శనివారం సెలవా అన్నవి వాళ్లే చెబుతారు. నేను అడిగేది ఒక్కటే. అక్కడ కాగితం నీ బల్ల మీదికి సంతకానికి ముందు వస్తుందా, తర్వాతా? తర్వాతే వచ్చేటట్టయితే వెళ్లకు, ఆ పని సనదు ఉంచుకుని ఎల్.బి.నగర్‌లోనే చేసుకోవచ్చు, పైగా నీ క్లయింటు రహస్యం నీ దగ్గర భద్రంగా ఉంటుంది. ముందే వచ్చేటట్టయితే వెళ్లు. వెళ్లి, మొదటి నెలలోనే ఒకసారి ఏదో ఒకదానికి కారణంతో సహా వద్దని రాసి చూడు. మర్నాడు కూడా ఫైలు నీ దగ్గరికే వస్తే ఉండిపో. చుట్టూ తిరిగి పక్క బల్ల మీదికి వెళ్తే, సస్పెండ్ చేయించుకున్న సనదు మళ్లీ తెచ్చుకోవడం ఏమంత పెద్ద పని కాదు.